ఆ పసివాడు ఏం పాపం చేశాడక్కా?

ఈ నెల ముచ్చట్లలో పచ్చళ్ళ గురించీ పండగ చీరల గురించీ మాట్లాడుకోవడానికి నాకు మనసు రావడం లేదు. పదిరోజులుగా ఒక్క మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. మీతో చెప్పుకోకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాను?

మా వీధి చివర ఒక చెల్లెలుంది. తోడబుట్టినది కాదు గానీ అంతకన్నా ఎక్కువే. పెళ్ళయిన ఏడేళ్ళకు ఆమె కడుపు పండింది. మగపిల్లాడు. మూడేళ్ళు నిండకముందే వాడికి లుకేమియా, అంటే రక్తపు క్యాన్సర్ అని తేలింది. ఏడాదిన్నర పాటు ఇంట్లో ఒక కాలు, ఆసుపత్రిలో ఒక కాలు. సూది పట్టుకుని నర్సు వస్తే వాడే చెయ్యి చాపేవాడట. తను ఏడిస్తే అమ్మ ఏడుస్తుందని వాడికి తెలిసిపోయింది. పోయిన నెల వాడు వెళ్ళిపోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు తలో మాట అన్నారు. "ఏ జన్మలో చేసుకున్నదో తల్లీ." "ఋణం తీరింది, పోయాడు." "దేవుడికి నచ్చినవాళ్ళనే తొందరగా తీసుకుపోతాడమ్మా." ఎవరిదీ చెడ్డ మనసు కాదు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని అన్నారు. అందరూ వెళ్ళాక ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనేదైనా పాపం చేసుంటే చేసుంటాను. ఆ పసివాడు ఏం పాపం చేశాడక్కా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తల నిమురుతూ అలాగే కూర్చుండిపోయాను. రాత్రి ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరో అడిగారే అని మనసు వెతుక్కుంటూ పోయింది. తెల్లవారుజామున గుర్తొచ్చాడు, మాండవ్యుడు.

భారతం ఆదిపర్వంలో ఉంటుంది ఆయన కథ. మౌనవ్రతం పట్టి తపస్సు చేసుకుంటున్న ఋషి. దొంగలు సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. వెనకే వచ్చిన రాజభటులు అడిగితే ఆయన పలకలేదు. సొమ్ము దొరికింది. దొంగలతో పాటు ఆయన్నీ శూలానికి ఎక్కించారు. తప్పు తెలుసుకుని రాజు వచ్చి కాళ్ళ మీద పడ్డాడు గానీ శూలం పూర్తిగా ఊడి రాలేదు. కోయగా మిగిలిన ముక్క ఒంట్లోనే ఉండిపోయింది. ఆ ముక్కతోనే ఆయన నేరుగా యమధర్మరాజు సభకు వెళ్ళి అడిగాడు, నేనేం పాపం చేశానని. చిన్నప్పుడు పురుగులను పుల్లకు గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలితమే ఇది అన్నాడు యముడు.

ఇప్పుడు చూడండి. మాండవ్యుడు "సరే, నా కర్మ" అని తల వంచుకుని వెనక్కి రాలేదు. ఊహ తెలియని పసితనంలో చేసినదానికి ఇంత శిక్షా అని ధర్మదేవత మొహానే నిలదీశాడు. ఇకమీదట పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కాదు, ఇది నేను పెడుతున్న కట్టుబాటు అన్నాడు. శిక్ష వేసిన నువ్వూ భూమ్మీద పుట్టి అనుభవించు అని శపించాడు. ఆ యముడే దాసీ కడుపున విదురుడై పుట్టాడు. తన తప్పేమీ లేకుండానే దాసీపుత్రుడన్న మాట జీవితమంతా మోశాడు. కౌరవుల కొలువులో, నిండుసభలో న్యాయం మాట్లాడిన గొంతూ ఆయనదే.

ఎన్నిసార్లు విన్నానో ఈ కథ. కానీ మా చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చుని వచ్చిన ఆ రాత్రే అర్థమైంది. "పసివాడు ఏం పాపం చేశాడు" అని అడగడం దైవదూషణ కాదమ్మా. మన భారతంలో ఆ ప్రశ్న అడిగినవాడి నోరు మూయించలేదు. ఆ ప్రశ్న వల్ల కట్టుబాటే మారింది. పిల్లల లెక్క వేరని తేలింది. మరి మనం ఏ నోటితో నాలుగేళ్ళ పిల్లాడి జబ్బుకు ఏదో జన్మ పాపాన్ని అంటగడతాం?

మనలో చర్చికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు యోబు కథ తెలుసు. బిడ్డలందరూ పోయి, ఒళ్ళంతా పుండ్లై బూడిదలో కూర్చున్నాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట లేకుండా పక్కన కూర్చున్నారు. ఆ పుస్తకంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక మాత్రం "నువ్వేదో చేసే ఉంటావు" అన్నారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ వివరణలు ఇచ్చిన వాళ్ళ మీదే. వాదులాడిన యోబు సరిగ్గా మాట్లాడాడన్నాడు. పుట్టుగుడ్డిని చూపించి పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు యేసు. కథలు వేరైనా ఇక్కడ రెండూ ఒక్క మాటే చెబుతున్నాయి. బాధపడేవాళ్ళ మీద నేరం మోపకండి.

మరి దేవుడు ప్రేమగలవాడైతే ఎందుకు ఊరుకుంటాడు? పెద్దలు చెప్పిన జవాబులు నేనూ విన్నాను. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, దాన్ని మనిషి చెడుకు వాడుతున్నాడంటారు. తాగి బండి నడిపి బడిపిల్లను గుద్దినవాడి విషయంలో ఆ మాట కొంత నిలబడుతుంది. లుకేమియాకు ఎవరి స్వేచ్ఛ కారణం? పుటం పెడితేనే బంగారం మెరుస్తుందంటారు. నా కష్టం గురించి నేను అనుకుంటే ఆ మాట నాకు బలం. ఇంకొక తల్లి బిడ్డ గురించి నేనంటే అది క్రూరత్వం. పై నుంచి చూస్తే అంతా ఒక పథకం ప్రకారమే ఉంటుందంటారు. ఉంటే ఉండొచ్చు. నేను ఆ పై నుంచి చూడలేదు. నేను చూసింది చాపిన ఆ చిన్న చెయ్యిని.

ఈ ప్రశ్నను ఇంకో దారిలో అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. మీరు కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్ర గుర్తుందా? దాని వెనక మన తెలుగువాడొకాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాలో ఆయన అన్నదమ్ములిద్దరినీ మింగేసింది. ఆ ఇంట్లో ఆ తల్లిని కూడా ఊరు ఊరంతా "నుదుట రాసిపెట్టి ఉంది" అని ఓదార్చే ఉంటుంది. ఒక దశలో సన్యాసం పుచ్చుకుందామనుకున్న ఆయన చివరికి వైద్యం చదివారు, అమెరికా వెళ్ళారు. ఆ స్ప్రూకే మందుగా పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసింది.

అక్కడితో ఆగలేదు. లుకేమియా కణాలు పెరగడానికీ ఆ ఫోలిక్ యాసిడే కావాలని తేలింది. అయితే దాన్ని అడ్డుకునే మందు చేస్తే? ఆయన బృందం అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ తయారుచేసింది. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌ను పిల్లలకిచ్చారు. వారాల్లో చనిపోతారనుకున్న పిల్లల్లో కొందరు కొన్ని నెలల పాటు లేచి ఆడుకున్నారు. ఆ జబ్బు మొదటిసారి వెనక్కి తగ్గింది. 1948లో, యాభై మూడేళ్ళకే, సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆయన ఇచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల వార్డుల్లో ఉంది. అప్పట్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు దాదాపు ఎవరూ దక్కేవారు కాదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకానికి ఇప్పుడు మంచి వైద్యం అందిన చోట పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

అంటే, 1940లో "దైవ నిర్ణయం" అని మనం తల వంచుకున్నది నిర్ణయమే కాదన్నమాట! మనకింకా తెలియని విషయం, అంతే. సుబ్బారావుగారు కూడా మాండవ్యుడిలాగే నిలదీశారు. ఆ ప్రశ్నను ఆయన తీసుకెళ్ళింది ప్రయోగశాలకు.

కానీ ఆ పదోవాడు ఉన్నాడు కదమ్మా. వాడే మా చెల్లెలి కొడుకు. ఆమెకు ఈ లెక్క చెప్పి ఓదార్చలేను. తొమ్మిదిమంది బతికారన్నది పదో తల్లికి జవాబు కాదు.

జవాబు దొరకని బాధ మా అమ్మమ్మకూ తెలుసు. ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. ఒక్క రోజులో 10,000 మంది దాకా పోయారు. సముద్రానికి పుణ్యాత్ములు, పాపాత్ములు తెలియలేదు. ఉయ్యాలలో పిల్లలు కూడా కొట్టుకుపోయారు. మా అమ్మమ్మ చెల్లెలూ, ఆమె పిల్లలూ మిగల్లేదు. తర్వాత ఆ బురదలోకి రామనామం పలుకుతూ వచ్చినవాళ్ళున్నారు, శిలువ వేసుకుని వచ్చినవాళ్ళున్నారు, దేవుడే లేడనే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళూ వచ్చారు. శవాలు ఎత్తడంలో, అన్నం వండడంలో వాళ్ళ మధ్య తేడా కనపడలేదని అమ్మమ్మ చెప్పేది.

అమ్మమ్మ ఆ తర్వాత ఏడాది పాటు దేవుడి గూట్లో దీపం పెట్టలేదు. ఎవరెంత చెప్పినా పెట్టలేదు. కానీ రోజూ పొద్దున్నే ఆ గూడు తుడిచేది. దులిపి, తడిబట్ట పెట్టి, ప్రమిదను బోర్లించి వచ్చేది. "దీపం పెట్టనిదానివి తుడవడం ఎందుకే" అని తాతయ్య అడిగితే, "ఆయనతో మాటలు లేవు గానీ ఇల్లు విడిచిపొమ్మనలేదుగా" అంది. ఉప్పెనలో అమ్మానాన్నలు పోయిన పిల్లనొకదాన్ని చేరదీసి పెంచుకుంది అమ్మమ్మ. ఒక సాయంత్రం ఆ పిల్లే ప్రమిద తిప్పి పెట్టి, నూనె పోసి వెలిగించింది. అమ్మమ్మ వద్దనలేదు. చాలాసేపు ఆ దీపం ముందే కూర్చుందట.

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. ఎందుకిలా చేశావన్న ప్రశ్నా ఉంది. రెండూ ఒకే గుండెలో పడతాయని అమ్మమ్మను చూసి నేర్చుకున్నాను. అందుకే మీ అందరినీ అడిగేది ఒక్కటే. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్తే దేవుడి తరఫున జవాబు చెప్పకండి. ఆయన మనకా పని అప్పజెప్పలేదు. ఒక క్యారేజీలో చారన్నం పట్టుకెళ్ళండి. ఆ బిడ్డను పేరు పెట్టి తలుచుకోండి. వాడి గురించి తల్లి చెప్పింది పదోసారి అయినా మొదటిసారి విన్నట్టు వినండి.

నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. వాళ్ళింట్లో దేవుడి పటాల మీద నెల దుమ్ముంది. ఆమె అటు చూడటం లేదు. నేను దీపం పెట్టమనలేదు. కొంగు దోపుకుని, తడిబట్ట పిండి, ఆ అలమారా తుడిచి, ప్రమిదను బోర్లించి వచ్చాను.