డైపర్ ఆపేది, ఆపలేనిది

చి. సౌజన్యకు,



"డైపర్ వేశాం కదా మేడమ్, ఇంకేమిటి అభ్యంతరం?" అని ఆ తల్లి నిలదీస్తే నోట మాట రాలేదని రాశావు. రెండు రోజుల కిందటి దాకా విరేచనాలైన పిల్లవాణ్ణి నీ ఈత క్లాసులో నీళ్లలోకి దించనివ్వకపోవడం తప్పు కాదమ్మా. కారణం తెలుసుకోకుండా ఆపావు చూడు, అందుకే నిన్ను మందలించాలి. కారణం చెప్పలేని నిబంధనను ఎవరూ రెండోసారి పాటించరు. నువ్వు పంపిన నోటీసు ముసాయిదా చూశాను. "మూడేళ్లలోపు పిల్లలకు స్విమ్ డైపర్ తప్పనిసరి" అన్నది అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో ఉంది. విరేచనాల మాట ఎక్కడో అడుగున, తలకు టోపీ పెట్టుకోవాలన్న నిబంధన తర్వాత ఉంది. ఈ వరుస మొత్తం తిరగెయ్యాలి. పూల్‌లో అందరి కళ్లకూ కనిపించే ఇబ్బందిని స్విమ్ డైపర్ చాలావరకు ఆపుతుంది. జబ్బు తెచ్చేది కంటికి కనిపించదు, దాన్ని డైపర్ ఆపలేదు. దాన్ని ఆపగలిగేది ఒక్కరే: జబ్బుగా ఉన్న పిల్లని ఆ రోజు ఇంట్లో ఉంచుకునే తల్లిదండ్రులు.

ముందు ఆ డైపర్‌ని చేతిలోకి తీసుకుని చూడు. ఇంట్లో వాడే మామూలు డైపర్‌లో నీటిని పీల్చి ఉబ్బే జెల్ పొడి దండిగా ఉంటుంది. దాన్ని పూల్‌లోకి వేసుకొస్తే పిల్ల మూత్రం కన్నా ముందు పూల్ నీళ్లే పీల్చేసుకుని బరువెక్కి కిందికి జారుతుంది. ఒక్కోసారి చిరిగి, ఆ జెల్ ముద్దలు ఫిల్టర్ దాకా పోతాయి. అందుకే స్విమ్ డైపర్‌లో ఆ పీల్చే గుణాన్ని దాదాపు తీసేశారు. అంటే అది మూత్రాన్ని పట్టి ఉంచదు. కారులో వచ్చేటప్పుడే తొడిగిన తల్లులకు సీటు తడిసినప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. ఇక మిగిలింది నడుము దగ్గరా తొడల దగ్గరా ఉండే ఎలాస్టిక్. గట్టిగా ఉన్న మలాన్ని అది కాసేపు ఆపుతుంది, అందుకే అది కావాలి, వద్దనడం లేదు. కానీ పల్చటి విరేచనాన్ని ఆపలేదు. తల్లిదండ్రులకు మాటల్లో చెప్పేకన్నా చూపించు. ఒక కొత్త స్విమ్ డైపర్‌లో గ్లాసుడు పసుపునీళ్లు పోసి, బక్కెట్టు నీళ్లలో ముంచి, పిల్ల కాళ్లాడించినట్టు నాలుగుసార్లు ఆడించు. తొడ పట్టీల పక్కనుంచి పసుపు ఎంతసేపట్లో పాకుతుందో వాళ్లే చూస్తారు. అమెరికాలో అంటువ్యాధుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ కూడా ఇదే అంటుంది: విరేచనాల క్రిములు నీళ్లలో కలవడాన్ని స్విమ్ డైపర్ కొద్ది నిమిషాలు ఆలస్యం చేయొచ్చు, అంతే.

దీనికి మీ అపార్ట్‌మెంట్ కమిటీవాళ్ల జవాబు నాకు తెలుసు. "క్లోరిన్ వేస్తున్నాం కదా, క్రిములు చావవా?" చస్తాయి. ఎంతసేపట్లో అన్నదే ప్రశ్న. నీళ్ల శుద్ధి గురించి నువ్వు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకో: క్లోరిన్ పని చేయడానికి మోతాదు ఒక్కటే చాలదు, వ్యవధి కూడా కావాలి. ఈ రెండింటినీ హెచ్చవేసి చూడాలి. నీటిలో ఇంకా ఖర్చు కాని స్వేచ్ఛా క్లోరిన్ 1 పీపీఎం, పీహెచ్ 7.5, నీటి వేడి 25 డిగ్రీలు ఉన్నాయనుకో. ప్రమాదకరమైన ఈ.కోలై ఓ157 ఒక నిమిషం లోపే చస్తుంది. హెపటైటిస్-ఏ వైరస్‌కు 16 నిమిషాలు పడుతుంది. జియార్డియాకు 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి 15,300 నిమిషాలు, అంటే పది రోజులకు పైమాటే. దాని గుడ్డులాంటి దశకు చుట్టూ దళసరి గోడ ఉంటుంది, క్లోరిన్ దాన్ని దాటలేకపోతుంది. పోనీ ఫిల్టర్ పడుతుందా అంటే, దాని సైజు 4 నుంచి 6 మైక్రాన్లు. మామూలు ఇసుక ఫిల్టర్ నమ్మకంగా పట్టేది ఇరవై మైక్రాన్లూ ఆపైనున్న వాటినే. కాబట్టి అది ఫిల్టర్‌లోంచి దూరి మళ్లీ పూల్‌లోకే వస్తుంది. 2009 నుంచి 2017 వరకు అమెరికాలో క్రిప్టో వ్యాధి గుంపుగా సోకిన సందర్భాలు 444 లెక్కకొచ్చాయి, 7,465 మంది జబ్బుపడ్డారు. వాటిలో మూడో వంతుకు పైగా పూల్స్, వాటర్ పార్కుల్లాంటి క్లోరిన్ వేసిన నీళ్లతో ముడిపడ్డవే. ఆ దేశపు పూల్స్‌లో నియమాలకు కొదవ లేదు, అయినా ఇంత జరిగింది.

ఇది విని "అయితే క్లోరిన్ వల్ల ఏం ప్రయోజనం?" అని నీరసపడిపోకు. 1998 వేసవిలో జార్జియా రాష్ట్రంలోని ఒక వాటర్ పార్కులో, చంటిపిల్లలు ఆడే పూల్ నుంచి ఈ.కోలై ఓ157 సోకి 26 మంది జబ్బుపడ్డట్టు పరీక్షల్లో తేలింది. పైన చెప్పాను కదా, ఆ క్రిమి నిమిషంలో చచ్చేది. అక్కడ ఉండవలసినంత క్లోరిన్ లేదు. అంటే ముప్పు రెండు రకాలు. ఒకటి క్లోరిన్ సరిగా ఉంటే పోయేది, అది పూల్ నడిపేవాళ్ల బాధ్యత. రెండోది క్లోరిన్ ఎంత సరిగా ఉన్నా పోనిది, అది పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ల చేతిలో ఉంది. ఈ రెంటి మధ్యా డైపర్ ఉంటే ఏ బాధ్యతా మనది కాదని అందరికీ అనిపిస్తుంది. నాకు డైపర్ మీద కోపం లేదు, అది కలిగించే ఆ భరోసా మీదే కోపం.

లెక్క వేసి చూపిస్తాను. మీ చంటిపిల్లల పూల్ అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అనుకుందాం. పది వేల లీటర్లు, అంటే కోటి మిల్లీలీటర్లు. క్రిప్టో సోకిన మనిషి ఒక్క విరేచనంలో కోటి నుంచి పది కోట్ల దాకా పరాన్నజీవుల్ని వదలవచ్చు. తక్కువలో తక్కువ కోటి అనుకున్నా, నీళ్లలో సమంగా కలిస్తే మిల్లీలీటరుకు ఒకటి. పిల్లలు ఈతలో ఎన్ని నీళ్లు మింగుతారో కొలిచినవాళ్లున్నారు. ఎండకు క్లోరిన్ పోకుండా పూల్‌లో కలిపే సయనూరిక్ ఆమ్లం అనే స్టెబిలైజర్ ఒంట్లో మార్పు చెందకుండా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. దాన్ని బట్టి లెక్కగడితే ముప్పావు గంటలో పెద్దవాళ్లు సగటున 16 మిల్లీలీటర్లు, పిల్లలు 37 మిల్లీలీటర్లు మింగినట్టు తేలింది. అంటే నీ బ్యాచ్‌లో ప్రతి పిల్ల కడుపులోకీ ముప్పై ఏడు. జబ్బు రావడానికి పది, అంతకన్నా తక్కువ కూడా చాలు. అదే విరేచనం లక్షన్నర లీటర్ల పెద్ద పూల్‌లో కలిస్తే ఒక్కో పిల్లకు రెండు మూడు. కాబట్టి "చిన్నపిల్లలకు విడిగా చిన్న పూల్ ఉంది, భయం లేదు" అనుకోకు. పెద్దవాళ్లకు భయం తగ్గుతుంది నిజమే, చంటిపిల్లలకు మాత్రం ఎక్కువవుతుంది. పైగా లోతు తక్కువ, నీళ్లు గోరువెచ్చన. మన ఏప్రిల్, మే ఎండలకు స్టెబిలైజర్ లేని క్లోరిన్ కొన్ని గంటల్లోనే చాలామటుకు ఎగిరిపోతుంది. స్టెబిలైజర్ వేస్తే నిలుస్తుంది కానీ క్రిమిని చంపే వేగం మందగిస్తుంది. ఆ పూల్‌కు ఫిల్టర్ విడిగా ఉందా, పెద్ద పూల్‌తో కలిసి ఉందా? ఇంత రాసినదానివి ఆ సంగతి రాయలేదు. కనుక్కో.

ఇంకొకటి. "పూల్ దగ్గర క్లోరిన్ వాసన గుప్పుమంటుంది పెదనాన్నా, కాబట్టి నీళ్లు శుభ్రంగానే ఉన్నట్టు" అని రాశావు. ఇది చదివి కొంచెం బాధపడ్డాను. ముక్కుకు ఘాటుగా తగిలి కళ్లు మండించేది ఎక్కువగా క్లోరమిన్. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే నైట్రోజన్ పదార్థాలతో క్లోరిన్ కలిస్తే పుట్టేది అది. అంటే ఘాటు ఎక్కువగా ఉందంటే, క్లోరిన్‌లో కొంత భాగం క్రిముల మీద కాక ఈ మలినాల మీద ఖర్చయిపోయిందని అర్థం. బాగా నడిచే పూల్ దగ్గర అంత వాసన రాదు. మీ మెయింటెనెన్స్ అబ్బాయి చుక్కలమందు వేసి నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, సరిపోయింది అంటున్నాడన్నావు. పసుపు రంగు వచ్చే ఆ ఆర్థోటోలిడిన్ పరీక్షలో, పనికొచ్చే స్వేచ్ఛా క్లోరిన్, ఖర్చయిపోయిన క్లోరిన్ రెండూ కలిసే కనిపిస్తాయి. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనమను, అది రెంటినీ విడదీసి చూపిస్తుంది. ఖరీదు మరీ ఎక్కువేం కాదు. పిల్లల బ్యాచ్ మొదలయ్యే ముందు ఆ గులాబీ రంగును నీ కళ్లతో చూశాకే పిల్లల్ని దించు. అది అతని పని, నీది కాదు అనకు. ఆ నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడేది నువ్వు.

కమిటీలో ఇంకెవరో "మూడేళ్లు నిండని పిల్లల్ని అసలు రానివ్వొద్దు, గొడవ వదిలిపోతుంది" అన్నారట. దానికీ నేను ఒప్పుకోను. చంటితనంలోనే నీళ్లంటే బెరుకు పోవడం మంచిది. పైగా మలినం పసిపిల్లల సొత్తేం కాదు. సగటు మనిషి ఒంటికి 0.14 గ్రాముల మలం అంటుకుని ఉంటుందని, చిన్నపిల్లల్లో అది 10 గ్రాముల దాకా ఉండవచ్చని లెక్క. పెద్దవాళ్లు సబ్బుతో స్నానం చేయకుండా దూకడం మీద రాని కోపం పసివాళ్ల మీద ఎందుకు? ఇక, చిన్నప్పుడు కాలవల్లో ఈదామని, ఏమీ కాలేదని చెప్పే పెద్దమనుషులు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. వాళ్లతో వాదించకు, ఒక్క మాట మర్యాదగా చెప్పు. అప్పట్లో పసిపిల్లల్ని పొట్టనబెట్టుకున్న పెద్ద జబ్బుల్లో విరేచనాలు ఒకటి, ఏ నీళ్ల వల్ల వచ్చాయో ఎవరూ రాసిపెట్టలేదు. 2016లో దేశంలో, పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ జబ్బు అంత చిన్న విషయమైతే టీకా దాకా వచ్చేది కాదు. క్రిప్టోకు మాత్రం ఇప్పటికీ టీకా లేదు.

"ఇంకా ఎక్కువ క్లోరిన్ పోస్తే?" అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. పూల్‌లో విరేచనం అయితే అందర్నీ బయటికి పంపి, స్టెబిలైజర్ లేని నీళ్లలో 20 పీపీఎం క్లోరిన్‌ను పన్నెండు గంటల నలభై అయిదు నిమిషాలు నిలిపి ఉంచాలి. ఆ నీళ్లలో మనుషులు దిగలేరు. గట్టి మలమైతే వలతో తీసేసి, 2 పీపీఎంలో 25 నిమిషాలు చాలు. ఈ తేడా మెయింటెనెన్స్ అబ్బాయికి రాసివ్వు. కమిటీ దగ్గర డబ్బుంటే ఫిల్టర్ లైనులో అతినీలలోహిత దీపం పెట్టించమను, క్రిప్టో మీద అది బాగా పనిచేస్తుంది. అయితే నీళ్లు దాని గుండా వెళ్లేలోపు మింగిన పిల్ల మింగేస్తుంది.

అందుకే మళ్లీ మొదటి మాటకే వస్తాను. విరేచనాలు తగ్గాక ఎన్నాళ్లు ఆగాలి? ఇంగ్లండులో మామూలు విరేచనాలకు 48 గంటలు, క్రిప్టో అని తేలితే 14 రోజులు అంటారు. మన దగ్గర పసిపిల్లకు నాలుగు విరేచనాలైతే మలంలో క్రిప్టో కోసం పరీక్ష చేయించేవాళ్లు అరుదు. జబ్బు తగ్గినట్టు కనిపించాక కూడా ఆ పరాన్నజీవి కొన్నాళ్లు బయటికి వస్తూనే ఉంటుంది. కాబట్టి డైపర్ వయసు పిల్లలకు అందరికీ రెండు వారాలే పెట్టు. కఠినంగానే ఉంటుంది, తెలుసు. ఇక డైపర్ మార్చడం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది: గంటకోసారన్నా విప్పి చూడాలి, పూల్ గట్టు మీద కాక బాత్రూములో మార్చాలి, పిల్లని సబ్బుతో కడగాలి, కడిగిన చేతులు కూడా కడుక్కోవాలి.

ఒక్క అభ్యంతరం మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేసింది, అది నీ ఉత్తరంలోదే. "నెల ఫీజు ముందే కట్టించుకుంటున్నాం, రెండు వారాలు రావద్దంటే వాళ్లు విరేచనాల సంగతే దాచేస్తారు" అన్నావు. నిజం తల్లీ, దాచేస్తారు. చెడ్డవాళ్లు కాబట్టి కాదు, నిజం చెబితే నష్టం, దాస్తే లాభం అయ్యేలా మనమే ఏర్పాటు చేశాం కాబట్టి. నిన్ను నిలదీసిన ఆ తల్లి నిజానికి నీకు మేలు చేసింది. రెండు రోజుల కిందటి మాటను ఆమే కదా నీకు చెప్పింది! దానికి బదులుగా ఆమెకు దక్కింది, పదిమందిలో వెనక్కి పంపించడం, రెండు వారాల ఫీజు పోవడం. ఇంకోసారి చెబుతుందా? అందుకే నోటీసులో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "పాపకు గానీ బాబుకు గానీ విరేచనాలైతే మాకు చెప్పండి, తగ్గిన రెండు వారాల తర్వాత రండి, ఆ క్లాసులన్నీ వచ్చే నెలలో కలుపుతాం." స్విమ్ డైపర్ మాట దాని కిందికి పోతుంది. కమిటీ ట్రెజరర్ ఫీజు దగ్గర మొండికేస్తాడు. పూల్‌లో ఒక్క విరేచనం అయితే మందు ఖర్చు ఎంత, ఎన్ని బ్యాచ్‌లు ఆగుతాయి, కాగితం మీద లెక్కవేసి అతని ముందు పెట్టు. ఆ తల్లికి మాత్రం నోటీసు తయారయ్యేదాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి, క్లాసులు పోవని చెప్పు.

నీ
పెదనాన్న