కొట్టు గదిలో రెండు గదులు

మన వార్షిక సంచికకు సైన్సు వ్యాసం ఇమ్మని అడిగిన మిత్రులు, నేను అణుశక్తి గురించో అంతరిక్షం గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అవి నాకన్న బాగా రాయగలవారు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి కొట్టు గది గురించి రాస్తున్నాను. బస్తాలు వేసుకొనే ఒక చీకటి గదిని, ఆరువేల రూపాయల లోపు ఖర్చుతో, పగలు ఒకరు కూర్చుని ఆఫీసు పని చేసుకొనేటట్టు, రాత్రి వచ్చిన చుట్టం పడుకొనేటట్టు ఎట్లా మార్చామో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం లేకపోలేదు. పైగా ఇటువంటి గది మనలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది.

మాది బాపట్ల వైపు, కొమ్మమూరు కాలువ కింద ఒక పల్లె. నాలుగెకరాల మాగాణి. వరి, దాని తర్వాత మినుము. ఇల్లు తాతగారి నాటి పెంకుటిల్లు. ముందు పంచ, మధ్యగది, వంటిల్లు, పంచ చివర కొట్టు గది. 2023 మే నెలలో, నా ఇంటర్ పరీక్షలు అయిపోయిన తర్వాత, హైదరాబాదు నుంచి అక్క ఫోను చేసింది. ఏడో నెలకు పుట్టింటికి రావాలి. తొమ్మిదో నెల దాకా ఇంటి దగ్గర నుంచే పని చేసుకోవచ్చునని వాళ్ళ ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. అయితే రోజుకు ఎనిమిది గంటలు తలుపు మూసుకొని కూర్చునే చోటు కావాలి. "అక్కడ కుదరదంటే ఇప్పుడే చెప్పండి, ఉద్యోగం మానేసి వస్తాను" అన్నది. అమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. అక్క చదువుకు నాన్న చేసిన అప్పు తీరింది ఆ ఉద్యోగంతోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. బావగారు వచ్చినప్పుడల్లా నాన్న తన మంచం ఆయనకు ఇచ్చి, తాను పోయి పశువుల కొట్టంలో పడుకొనేవాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచి బావగారు ఏదో ఒక పని చెప్పి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు గాని, అందరికీ కష్టంగానే ఉండేది.

కనుక ఒకే గదిలో రెండూ కుదరాలి. నాన్నను అడిగాను. "ఆరువేలు ఇస్తా. పైన రూపాయి అప్పు తేవద్దు. పంట ఇంటికొచ్చేనాటికి నా బస్తాల సంగతి నువ్వే చూడాలి" అన్నాడు. ఆ మూడో మాట నేను ఆనాడు సరిగా చెవిన పెట్టలేదు.

గది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. గోడలకు మోకాలెత్తు దాకా చెమ్మ. పాత సున్నం పొరలు పొరలుగా రాలిపోయి, తెల్లటి ఉప్పు లేచి ఉంది. చూసిన ప్రతివారూ సిమెంటు పూత పూయించమనే చెప్పారు. నేను ముందుగా ఒక చిన్న పరీక్ష చేశాను. పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని అడుగు చదరంగా కత్తిరించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా గోడకు అంటించి రెండు రోజులు వదిలేశాను. నీటి బిందువులు కాగితానికి గది వైపున పట్టితే ఆ తేమ గది గాలిలోనిది. కాగితం వెనుక పట్టితే గోడలోనిది. మాకు వెనుకనే పట్టాయి. గోడ అవతలికి వెళ్ళి చూద్దును గదా, మేము రోజూ గేదెలను కడిగే చోటు అదే! ఆ నీళ్ళన్నీ గోడ పాదంలో ఇంకుతున్నాయి. ఇటుకలోని సన్నని రంధ్రాలు కేశనాళికల్లా పనిచేసి, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు నీటిని పైకి లాగుతాయి. లోపల సిమెంటు పూస్తే ఆ నీరు ఆగదు. ఆరే దారి మూసుకుపోయి, ఇంకా పైకి ఎగబాకి, పూత ముగిసిన చోట బయట పడుతుంది.

నేనూ నాన్నా రెండు రోజులు పలుగూ పారా పట్టి, గోడ పొడుగునా అడుగు లోతు కాలువ తవ్వి పెరటి కొబ్బరి చెట్ల వైపు వాలు ఇచ్చాం. గేదెలను కడిగే చోటు అవతలికి మార్చాం. దీనికి పైసా ఖర్చు కాలేదు. నా మటుకు నాకు మొత్తం పనిలో అన్నిటికన్న విలువైనది ఇదే. వచ్చినవారెవరికీ కనపడనిదీ ఇదే. మూడు వారాలు గోడను ఎండనిచ్చి, లేచిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారబోశాం. ఉప్పును నీళ్ళతో కడగరాదు. కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

తర్వాత సున్నం. మా వైపు గుల్ల సున్నం దొరుకుతుంది. గుల్లలంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీటిలో వేస్తే విపరీతమైన వేడి పుట్టి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. గోడకు పూసిన తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ కార్బొనేట్ అయి గట్టిపడుతుంది. అనగా సముద్రంలో గుల్లగా ఉన్నదే మా గోడ మీద మళ్ళీ గుల్ల అయింది! సున్నపు పూత గోడను ఊపిరాడనిస్తుంది కనుక లోపలి చెమ్మ ఆరిపోతుంది. చేసేవారికి ఒక్క హెచ్చరిక: నీళ్ళలో సున్నం కొద్దికొద్దిగా వెయ్యాలి గాని, సున్నం మీద నీళ్ళు గుమ్మరించరాదు. నేను తొందరపడి గుమ్మరించాను. ఆ మచ్చ నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. కంట్లో పడి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. పూత బట్టలకు అంటకుండా తుమ్మ బంక నానబెట్టి కలిపాం. తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు వేశాం. రెండు పూతలు పల్చగా పూస్తే ఒక చిక్కటి పూతకన్న బాగా నిలుస్తుంది.

వెలుతురు విషయంలో నా చదువు నన్నే వెక్కిరించింది. ఉత్తరపు వెలుతురు చల్లగా, నిలకడగా ఉంటుందని ఎక్కడో చదివి, కప్పుకు ఉత్తరపు వాలులో రెండు గాజు పెంకులు వేయించాను. జూన్ నెల మధ్యాహ్నం అక్క కూర్చుని లాప్‌టాప్ తెరవగానే ఎండ సూటిగా తెర మీద పడింది. కారణం తర్వాత తట్టింది. మేమున్నది సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మా ఊళ్ళో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. చల్లని దేశాల వారు రాసిన సూత్రం మన పెంకుటింటికి మక్కికి మక్కి పనికిరాదు.

దీనికి విరుగుడు నాయనమ్మ చెప్పింది. అంతకుముందు వేడి తగ్గడానికని గోనె సంచులు కుట్టి కప్పు కింద కట్టాను. వాటి నేతలో మిగిలిన గింజల కోసం ఎలుకలు చేరి, మూడో రాత్రికే పైన పరుగు పందేలు పెట్టాయి. "గోనె తీసేసి తెల్ల సంచులు కట్టరా" అన్నది నాయనమ్మ. ఖాళీ యూరియా సంచులను రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, విప్పి కుట్టి పరదాలా బిగించాం. పురుగుమందు తాకిన సంచి మాత్రం ఒక్కటి కూడా వాడలేదు. పెంకులకూ సంచులకూ మధ్య నిలిచిన గాలి పొర వేడిని కొంత ఆపుతుంది. గాజు పెంకుల ఎండ ఆ తెల్ల సంచుల గుండా చెదిరి గదంతా సమంగా పరచుకొంటుంది. ఇవి ప్లాస్టిక్కు కనుక దీపాన్ని వాటికి బాగా కిందుగా కట్టాం. దీనితో రాత్రి ఇంకో లాభం కలిగింది. బల్బు ఆరడుగుల దూరం నుంచి మూడడుగులకు దిగితే, విలోమ వర్గ నియమం ప్రకారం పుస్తకం మీద వెలుగు నాలుగు రెట్లవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి బల్ల మీదికి, ఒకటి మంచం వైపుకు చాలింది.

బల్ల కొనలేదు. పశువుల కొట్టానికి ఒకప్పుడున్న పాత టేకు తలుపు, పలకలు చేర్చి వెనుక అడ్డబద్దలు కొట్టినది, ఆరడుగులు రెండున్నర అడుగులు, గడ్డివామి కింద పడి ఉంది. పడగొట్టిన కుడితి తొట్టి ఇటుకలతో రెండు దిమ్మెలు కట్టి దాన్ని పరిచాం. ఎనిమిది వరసల ఇటుక, మధ్య గార, పైన తలుపు కలిసి 29 అంగుళాల ఎత్తు వచ్చింది. కుర్చీలో కూర్చుని మోచేతులు వంచితే ముంజేతులు బల్ల మీద సమంగా ఆనాలి. అదే కొలత. దిమ్మెలను మట్టితో గాక సున్నపు గారతో కట్టడానికి, బల్లను గోడకు రెండంగుళాలు ఎడం పెట్టడానికి కారణం చెదలు. అవి ఎక్కదలిస్తే బయటినుంచి మట్టి గొట్టం కట్టుకొని ఎక్కాలి, మన కంట పడతాయి. నెలలు నిండుతున్న మనిషి కాళ్ళు వేలాడకుండా కింద రెండు ఇటుకల మీద ఒక చెక్క వేశాం.

తలుపుకు అవిసె నూనె పట్టించాం. ఈ నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి పోయే దారి లేక వాటంతట అవే అంటుకోవచ్చు. గడ్డివాములున్న ఇళ్ళవారు ఇది గుర్తుంచుకోవాలి. మేము వాటిని నీళ్ళ బక్కెట్లో వేశాం.

పుస్తకాల పలక విషయంలో వడ్రంగి "నడుమ ఒక ఆనిక పెట్టు బాబూ" అంటే ఇటుకలు పేర్చాను. అది ఎంత గొప్ప సలహానో డిగ్రీ మొదటి సంవత్సరం లాబ్‌లో తెలిసింది. నడుమ బరువు వేలాడదీసి పట్టీ కుంగుదలను మైక్రోస్కోపులో చూసే ప్రయోగం మీరంతా చేసే ఉంటారు. కుంగుదల పొడవు ఘనానికి అనులోమంగాను, మందం ఘనానికి విలోమంగాను ఉంటుంది. ఆనికల మధ్య దూరం సగమైతే కుంగుదల ఎనిమిదో వంతు!

మంచం అటక మీద ఉన్న తాతగారి మంచమే. కోళ్ళు, పట్టెలు గట్టివి. నల్లులు మాత్రం అంతకన్న గట్టివి. పట్టెలు విప్పి, బెజ్జాలలో మరుగుతున్న నీళ్ళు పోసి, మూడు రోజులు ఎండలో పెట్టి, కొత్త నులక అల్లించాం. అల్లినది నాయనమ్మే. నులక కొత్తలో సాగుతుంది గనక వారం పాటు రోజూ కాళ్ళవైపు తాడు బిగించాలి. బల్లకూ మంచానికీ నడుమ ఇనుప తీగె మీద అమ్మ పాత చీరలు రెండు తెరగా కట్టాం.

కరెంటు పని ఒక్కటి మేము ముట్టుకోలేదు. పశువుల కొట్టం నుంచి ఒక వైరు లాగుదామని నాన్న అన్నాడు. వద్దని నేను పట్టుబట్టాను. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కొత్త వైరింగు, మూడు పిన్నుల ప్లగ్గులు, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగు గుంట, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే ఆగిపోయే స్విచ్చి పెట్టించాం. మొత్తం 5,840 రూపాయల ఖర్చులో 2,650 దీనికే పోయింది. గాజు పెంకులకు 500, నులకకు 650, వడ్రంగికి 450. తక్కినదంతా సున్నం, నూనె, బల్బులు, నేలకు అతుకులు వేసిన సిమెంటు, మేకులు, తీగె. నాన్నకు 160 రూపాయలు తిరిగి ఇచ్చాను. ఆయన లెక్క పెట్టుకున్నాడు.

జూన్‌లో అక్క వచ్చింది. మొదటి శనివారం బావగారు సాయంత్రం బస్సు వేళకు సంచి సర్దుకుంటుంటే, నాన్న ఆయన్ని గదిలోకి తీసుకుపోయి మంచం చూపించాడు. "ఇది మీదే బాబూ. నా మంచం నా దగ్గరే ఉంది" అన్నాడు. ఆ రాత్రి బావగారు ఉన్నారు.

ఆగస్టులో పాప పుట్టింది. డిసెంబరు వచ్చింది. మిగ్‌జాం తుపాను 5 డిసెంబరు 2023న బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజుకే మా వరి కోసి, నూర్చి, రోడ్డు మీద ఆరబోసి ఉంది. ఊరంతా పరుగులు. మేము 43 బస్తాలకు ఎత్తాం. ఎక్కడ వెయ్యాలి? కొట్టు గదిలో అక్కా, పాపా. నాన్న నన్నేమీ అనలేదు. పంచలో బస్తాలు పేర్చి పట్టా కప్పాడు. నాకు ఆయన మే నెలలో అన్న మూడో మాట అప్పుడు వినపడింది. రాత్రి గాలికి పట్టా లేచిపోయింది. తలుపు తెరిచి, పాపను భుజాన వేసుకొని అక్క బయటికి వచ్చింది. "గది ఖాళీ చేశాను, లోపల వెయ్యండి నాన్నా" అన్నది.

నేనూ నాన్నా బావగారూ ఆ చీకట్లో బస్తాలు మోశాం. ఇటుకల మీద చెక్కలు వేసి పేర్చాం. చోటు చాలక కొన్ని బల్ల మీదికి ఎక్కించాం. దిమ్మెల మీదికి వచ్చేటట్టు వెయ్యమని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరో రెండు బస్తాలు నడిమధ్యన వేశారు. 75 కిలోలవి రెండు. గాజు పెంకు పక్కనుంచి ఒకచోట కారింది గాని, గోడ పాదాలు పొడిగానే ఉన్నాయి. పంచలో తడిసిన మూడు బస్తాలు మొలకెత్తాయి. తక్కిన 40 ఎండ రాగానే మళ్ళీ ఆరబోస్తే తేమ 17 శాతం లోపుకు దిగి అమ్ముడుపోయాయి.

బస్తాలు తీసిన తర్వాత చూస్తే బల్ల నడుమ అర అంగుళం కుంగి ఉంది. ఇంకా అట్లాగే ఉంది. సెలవుల్లో ఇప్పుడు దాని మీద నేను చదువుకుంటున్నాను. పెన్సిలు పెడితే నడిమికి దొర్లుకుంటూ వస్తుంది. తలుపును తిరగేసి వేస్తే సరి అంటారు బావగారు. వెనుక అడ్డబద్దలున్నాయి గదా అని నేను. సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దామన్నారు.