క్షేత్ర సర్వేలలో అక్షరరూప దత్తాంశం: ఖాళీ గడుల విశ్లేషణ

ఉపోద్ఘాతం

వ్యవసాయ సర్వేలలో దిగుబడి, ఎరువుల మోతాదు వంటి సంఖ్యలతో పాటు వంగడం పేరు, పురుగుమందు పేరు వంటి అక్షరరూప దత్తాంశాన్ని కూడా సేకరిస్తాము. సంఖ్యల గడి ఖాళీగా ఉంటే గణాంక సాఫ్ట్‌వేర్ సాధారణంగా దానిని లోపించిన విలువగా గుర్తిస్తుంది. అక్షరాల గడి విషయంలో అట్టి భరోసా లేదు. పైగా ఖాళీలన్నింటికీ అర్థం ఒకటి కాదు.

ఖాళీకి గల కారణాలు

ఉదాహరణకు 100 మంది వరి రైతుల సర్వేలో ‘సుడిదోమకు పిచికారీ చేసిన మందు’ అనే గడి 60 మందికి నిండి, 40 మందికి ఖాళీగా ఉన్నదనుకొందాము. ఆ 40 మందిలో 25 మంది అసలు పిచికారీ చేయలేదు; 10 మంది చేసినా మందు పేరు గుర్తులేదు; 5 గురిని ఆ ప్రశ్న అడగనేలేదు. ఖాళీలన్నింటినీ ‘పిచికారీ లేదు’ అని భావిస్తే మందు వాడినవారు 60 శాతం. ఖాళీలను తొలగిస్తే 100 శాతం. కారణాలను వేరుపరిస్తే, వివరం తెలిసిన 95 మందిలో 70 మంది, అనగా సుమారు 74 శాతం. విస్తరణ సిఫారసు ఈ అంకెపైనే ఆధారపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌ల తీరు

ఆర్‌లో లోపించిన విలువకు సంకేతం ‘ఎన్‌ఎ’. అయితే సీఎస్‌వీ ఫైలును మామూలు పద్ధతిలో చదివించినప్పుడు అక్షరాల వరుసలోని ఖాళీ గడి ‘ఎన్‌ఎ’గా మారదు, శూన్య పదంగా, చెల్లుబాటయ్యే విలువగానే నిలుస్తుంది. దీనికి విరుద్ధంగా, మట్టి పరీక్ష పట్టికలో ప్రధాన ధన అయానును సూచించుటకు సోడియం సంకేతాన్ని రెండూ పెద్ద అక్షరాలతో రాస్తే అది లోపించిన విలువగా మారిపోతుంది. ‘పేస్ట్’ ప్రమేయంతో మండలం, గ్రామం పేర్లను కలిపినప్పుడు ‘ఎన్‌ఎ’ మామూలు అక్షరాలుగా మారుతుంది. తరువాత దానిని లోపంగా గుర్తించలేము.

శాస్, స్టాటాలలో అక్షరరూప చలరాశికి ఖాళీయే లోపించిన విలువ. సంఖ్యలకు ఉన్నట్లు కారణాలను వేరుగా సూచించే ప్రత్యేక లోప సంకేతాలు అక్షరాలకు లేవు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మనము ప్రకటించనంత వరకు ఖాళీ కూడా చెల్లుబాటయ్యే విలువే.

పాటించవలసిన పద్ధతి

1. ప్రశ్నావళిలోనే ‘వర్తించదు’, ‘తెలియదు’, ‘చెప్పలేదు’, ‘అడగలేదు’ అను నాలుగు సమాధానాలకు వేర్వేరు సంకేతాలు ఇవ్వాలి.

2. కారణాన్ని ప్రత్యేక చలరాశిగా పక్క వరుసలో నమోదు చేయాలి. అసలు గడిని లోపించిన విలువగానే ఉంచాలి.

3. ఫైలును చదివించేటప్పుడే ఏయే గుర్తులు లోపాన్ని సూచిస్తాయో సాఫ్ట్‌వేర్‌కు తెలపాలి. పదాల ముందు వెనుకల ఉన్న అదనపు ఖాళీలను తొలగించాలి.

4. విశ్లేషణకు ముందు ప్రతి అక్షరరూప చలరాశికి పౌనఃపున్య పట్టిక తీయాలి. ఆర్‌లోని ‘టేబుల్’ ప్రమేయం లోపించిన విలువలను తనంతట తాను చూపదు. వాటిని చూపమని ప్రత్యేకంగా ఆదేశించాలి.

5. మూల ఫైలును మార్చక, సవరణలను నకలులోనే చేయాలి.

ముగింపు

ఖాళీకి కారణం రైతు ఎదుట ఉన్న క్షేత్ర సహాయకునికే తెలుస్తుంది. ఆనాడు నమోదు కాని కారణాన్ని పిదప ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి రాబట్టలేదు. కనుక ప్రతి శాతం పక్కన అది ఎంతమందిపై లెక్కించినదో, ఎంతమందిని ఏ కారణముచే మినహాయించినదో నివేదికలో తెలపడం అవసరం.