అసిస్టెంటుకు ఏ భాషలు వచ్చు?

గత సంవత్సరం మా ప్రాజెక్టు హాస్టలు మెస్సు లెక్కలు. పైథాన్ భాష, పట్టికల కోసం పాండాస్ లైబ్రరీ. ప్రోగ్రాములో సగానికి పైగా ఏ.ఐ. అసిస్టెంటే రాసిపెట్టింది, దాచుకోవడం దేనికి? రివ్యూ నాడు మా లెక్చరరుగారు "గెస్టు భోజనం ఒకటి వేసి చూపించవయ్యా" అన్నారు. వేశాను. ప్రోగ్రాము ఆగిపోయింది. 'డేటాఫ్రేమ్‌కు అపెండ్ అనేది లేదు' అని ఎర్రరు. "ఇది నువ్వు రాసిందేనా?" అన్నారాయన. నాకు నోట మాట రాలేదు.

జూనియర్ మిత్రులారా, ఆ తర్వాత కూర్చుని తెలుసుకున్నదే ఈ వ్యాసం.

పట్టికకు కొత్త వరుస చేర్చే ఆ అపెండ్‌ను పాండాస్ వారు 2022లో, 1.4 వెర్షనులోనే వాడవద్దన్నారు. 2023 ఏప్రిల్‌లో 2.0 రాగానే తీసేశారు. బదులుగా కాన్‌కాట్ వాడాలి. ఈ కబురు అసిస్టెంటుకు అందలేదా? అందే ఉండవచ్చు. కాని అది నేర్చుకున్నది జనం బహిరంగంగా పెట్టిన ప్రోగ్రాముల నుండి. వాటిలో ఏళ్ళ తరబడి పోగుపడిన అపెండ్‌లు కొల్లలు. ఎక్కువసార్లు చూసినదే దానికి ముందు తోస్తుంది.

భాషల సంగతీ అంతే. 'అన్ని భాషలూ వచ్చు' అన్న ప్రకటనను అలాగే నమ్మరాదు. 2021లో ఓపెన్‌ఏఐ వారు తమ కోడెక్స్‌ను పరీక్షించడానికి తయారుచేసిన 164 సమస్యలూ పైథాన్‌లోనివే. మరుసటి సంవత్సరం వేరే పరిశోధకులు వాటిని మరి 18 భాషల్లోకి మార్చి చూశారు. జావాస్క్రిప్టులో అది పైథాన్‌కు దీటుగానే చేసింది. రాకెట్, ఆర్ వంటి వాటిలో వెనకబడింది. కోబాల్ కథ వేరు. ఎన్నో బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తున్న భాషే గాని, ఆ ప్రోగ్రాములు బ్యాంకు గడప దాటవు. ఇక చదువుకోవడానికి ఏం దొరుకుతుంది?

ఇంకొకటి మాత్రం తల బొప్పి కట్టాకే అర్థమైంది. జావా, రస్ట్‌లలో లేని పద్ధతిని పిలిస్తే కంపైలరు ముందే పట్టేస్తుంది, ప్రోగ్రాము కదలనే కదలదు. పైథాన్ ఆ వరుస దాకా వస్తేగాని నోరు విప్పదు. నేనేమో ఒక్కనాడూ గెస్టు భోజనం వేసి చూడలేదు! కావున అసిస్టెంటు బాగా రాసే భాషలోనే దాని తప్పు ఎక్కువకాలం దాగవచ్చునని నా అభిప్రాయం. మా రూమ్మేటు ఒప్పుకోడు. "టెస్టులు రాసుకోకుండా భాషను తిడతావేంరా?" అంటాడు. అదీ నిజమే.

ఇప్పుడు ముందుగా 'పిప్ షో పాండాస్' అని కొట్టి వెర్షను చూసుకుంటున్నాను. ఆ నంబరును ప్రశ్నలోనే చెప్పి, ఆ వెర్షనులో వచ్చిన మార్పుల పేజీ కూడా దాని ముందు పెడుతున్నాను. అలా అడిగితే అదే అసిస్టెంటు కాన్‌కాట్ రాసింది.

రెండో రివ్యూలో ఆయన మళ్ళీ గెస్టు భోజనమే వేయమన్నారు. బిల్లు వచ్చింది. "ఈ వరుస ఏం చేస్తుంది?" అని వేలుపెట్టి అడిగారు. ఈసారి చెప్పగలిగాను.