పెళ్లివంట మాట్లాడుకునే ముందు

అబ్బాయ్, మాఘంలో అమ్మాయి పెళ్లి, హాలూ భోజనాలూ నీ నెత్తినే పడ్డాయన్నావు. రాజమండ్రి, కాకినాడ చుట్టుపక్కల మనవాళ్ల పెళ్లిళ్లలో వడ్డనల దగ్గర నిలబడి నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. ముహూర్తం తేలాకే మెనూ. పగటి ముహూర్తమైతే ముద్దపప్పు, కిందటేటి ఆవకాయ, గుమ్మడికాయ దప్పళం, కందబచ్చలి, బూరెలు, గడ్డపెరుగు అన్నీ చెల్లుతాయి. అర్ధరాత్రి దాటాకైతే వచ్చినవాళ్లు ఎనిమిదింటికే తినేసి సగంమంది బస్సెక్కేస్తారు. ఆ పూట కూరలు తగ్గించు. తాళి కట్టేదాకా మేలుకునేవాళ్లకు వేడి కాఫీ, తెల్లారాక ఇడ్లీ, ఉప్మా సిద్ధంగా ఉండాలి. నిష్ఠూరాలన్నీ పుట్టేది ఆ తెల్లవారుజామునే.

2. హాలుకు వెళ్తే వేదిక సంగతి చివర చూడు, ముందు వంటశాలలోకి నడు. నీళ్లు ధారాళంగా వస్తున్నాయా, పొగ బయటికి పోతోందా, అక్కణ్ణుంచి భోజనాల గదికి మెట్లున్నాయా? మెట్లుంటే సాంబారు మోసే కుర్రాళ్లు అలిసిపోతారు, రెండో బంతికల్లా వడ్డన మందగిస్తుంది. భోజనాలు మేడమీదైతే లిఫ్టు పనిచేస్తోందో లేదో నువ్వే ఎక్కి చూడు, మీ అమ్మ మోకాళ్లు నీకు తెలుసుగా. ఇక డబ్బు. అద్దెతో తీరదు. కరెంటు మీటరు, జనరేటరు డీజిలు, ఊడ్పించే ఖర్చు విడివిడిగా తేలతాయి. బయటి వంటవాళ్లను రానిస్తారా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే అడిగి కాగితం మీద రాయించుకో.

3. వంటాయన ఇంటికి తెచ్చే శాంపిల్‌ను చూసి మాటివ్వకు. నలుగురికి చేసిన పప్పు ఎవరికైనా కుదురుతుంది. ఆయన వండుతున్న మరో పెళ్లి ఏదో కనుక్కుని, ఆ ఇంటివాళ్లతో చెప్పి, చివరి బంతిలో కూర్చో. అన్నం పొగలు కక్కుతోందా, చారులో నీళ్లు కలిశాయా, నెయ్యి గరిటె నీ ఆకు దాకా వచ్చిందా? మొదటి బంతి ఎవరైనా బాగానే పెడతారు.

4. ముప్ఫై రకాల మెనూ కార్డంటే నాకు పడదు. చాట్ దగ్గర క్యూ, దోసె పెనం దగ్గర క్యూ, చేతిలో ప్లేటుతో ముసలివాళ్లు! బఫే తప్పదంటే పెట్టు గానీ, ఒక పక్కన నలభై మందికైనా అరిటాకులు వేసి బంతి నడిపించు. ఐదారు వంటకాలు బాగా కుదిరితే చాలు.

5. కిలో బియ్యం ఎనిమిది, పదిమందికి సరిపోతుంది. ప్లేటు లెక్కన మాట్లాడుకుంటే, ఖాళీ ప్లేట్లు ఎన్ని దింపారో ముందే లెక్కపెట్టడానికి మనవాణ్ణొకణ్ణి పెట్టు. డ్రైవర్లు తిన్నవి లెక్కలోకి వస్తాయా, ఒప్పుకున్నదానికి మించితే ధరెంత అన్నవీ అప్పుడే తేల్చుకో.

6. వియ్యాలవారిది వరంగల్ కదా. అటువైపు చాలా ఇళ్లలో బగారా అన్నం, మటన్ లేకపోతే పెళ్లి భోజనమనరు. మనం పెళ్లినాడు శాకాహారమే పెడతాం. మధ్యవర్తితో కబురంపకు, నువ్వే ఫోన్ చేసి రిసెప్షన్ నాటి వంట వాళ్లనే చెప్పమను.

7. నిశ్చితార్థం ముప్ఫై మందితోనే అన్నావు కాబట్టి హాలు దండగ. ఊళ్లో మంచి భోజన హోటల్ చూసుకో. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లి తిను, కూరలు అప్పటికీ అడుగంటకపోతే ఆ హోటల్‌ను నమ్మొచ్చు. కాకినాడలో బుట్ట భోజనం ఇంటికే తెప్పించుకునే అలవాటుంది, అదీ ఆలోచించు.

8. పంచే స్వీటు సంగతి. ఆత్రేయపురం పూతరేకులు ఘనంగానే ఉంటాయి, కానీ గాలి తగిలితే మెత్తబడతాయి, బస్సులో నలిగిపోతాయి. దూరం వెళ్లేవాళ్లకు తాపేశ్వరం మడతకాజాలివ్వు. కాకినాడ గొట్టం కాజా అయితే పాకం కారకుండా డబ్బాలో పెట్టించు.

9. సన్నాయి మేళం వాళ్లకు ముహూర్తం వేళ ఊపిరాడదు. వాళ్లకూ, ఫొటోగ్రాఫర్‌కూ మొదటి బంతికి ముందే ఆకులు వేయించు. అందరూ తిన్నాక చూద్దామంటే కూరలు అయిపోయి పెరుగన్నమే మిగులుతుంది. ఈ పని ఎవరికీ అప్పజెప్పకు, నేను వచ్చి చూసుకుంటాను.