సీమకు పేరు పెట్టిన దినము

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. అచ్చటి వీథులలో నడచువారికి ఉలి చప్పుడు వినబడుచునే యుండును. దేవాలయములకు వలయు విగ్రహములు, నందులు అచ్చట రూపుదాల్చి దూరప్రాంతములకు పోవుచుండును. అట్టి శిల్పుల కుటుంబ మొకటి ఒక సంవత్సరము నవంబరు 18వ తేదీన పని నిలిపి నంద్యాలకు బయలుదేరెను. తాత, తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక, ఆమె తమ్ముడు, ఈ ఐదుగురును ప్రొద్దుననే బస్సెక్కిరి. తల్లి చిత్రాన్నమును, పెరుగన్నమును మూటగట్టి తెచ్చెను.

"తాతా, నంద్యాలలో నేడు తిరునాళ్లా?" అని బాలుడు అడిగెను.

"తిరునాళ్లు కాదు, నాయనా! నేడొక పేరు పుట్టిన దినము. ఆ పేరు పుట్టినది నంద్యాలలోనే" అని తాత చెప్పెను.

బాలుడు నవ్వెను. మనుష్యులకు పుట్టిన దినములుండునని వానికి తెలియును. పేరునకు పుట్టిన దినముండునని వాడెన్నడును వినలేదు.

ఆళ్లగడ్డనుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్ల దూరము. బస్సు సిరివెళ్ల మీదుగా ఉత్తరమునకు సాగెను. కుడివైపున నల్లమల కొండలు నీలి గోడవలె కనబడుచుండెను. కాలువ నీరు పారుచోట వరిచేలు పసుపువన్నె తిరిగియుండెను. నీరందని నల్లరేగడిలో లేత శనగపైరు మంచును నమ్ముకొని నిలిచియుండెను. తండ్రి పిల్లలకు ఆ భేదమును చూపి, "కర్నూలు-కడప కాలువ పారినచోట మన నేల యిట్లుండును, పారనిచోట అట్లుండును. రెండును ఒక్క మన్నే" అనెను.

నంద్యాల చుట్టుపట్ల నవనందులను తొమ్మిది శివక్షేత్రములు కలవు. వాని దర్శనమును మరియొక దినమునకు విడిచి వారు నేరుగా సభకు పోయిరి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, తలపాగాలు చుట్టిన రైతులు అచ్చట కూడియుండిరి. బాలురకు కూర్చుండుటకు ముందు వరుసలు విడిచియుంచిరి. కొంతసేపటికి వృద్ధుడైన ఉపాధ్యాయు డొకరు లేచి ఆనాటి విశేషమును వివరింపసాగెను.

"మైసూరు యుద్ధములలో ఈ నేలలో పెద్దభాగము హైదరాబాదు నిజాము వంతునకు వచ్చినది. ఆయన తన రక్షణకై ఆంగ్లేయుల సైన్యమును ఉంచుకొనెను. దాని ఖర్చునకు బదులుగా 1800వ సంవత్సరమున ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వ్రాసియిచ్చెను. బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతముల నేల అట్లు చేతులు మారినది. ఇచటి ప్రజలను ఎవరును అడుగలేదు. కంపెనీవారు థామస్ మన్రోను ప్రధాన కలెక్టరుగా నియమించి, ఈ ప్రాంతమునకు సీడెడ్ జిల్లాలని పేరు వ్రాసికొనిరి. మనవారు దానినే దత్తమండలములనిరి. ఇచ్చిన నిజాము గతించెను. పుచ్చుకొన్న కంపెనీయు గతించెను. ఇయ్యబడినదను మాట మాత్రము 128 ఏండ్లు మన నేలకు అంటుకొని యుండెను."

బాలిక తల్లి చెవిలో మెల్లగా, "అమ్మా, దత్తత వచ్చిన బిడ్డను ఇంటిలో ముద్దుగానే పెంచుదురు గదా! ఆ పేరులో తప్పేమి?" అని అడిగెను.

"దత్తత ఇచ్చువారు బిడ్డ మేలు తలచి ఇత్తురు, పుచ్చుకొనువారు ఒడి పట్టి పుచ్చుకొందురు. ఇచట అప్పు క్రింద ఇంటిలోని బిందెను ఎత్తియిచ్చినట్లు ఇచ్చిరి. బిందె బిడ్డ యగునా?" అని తల్లి బదులు చెప్పెను.

ఉపాధ్యాయుడు మరల చెప్పసాగెను. "1928 నవంబరు 17, 18 తేదీలలో ఈ నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినది. ఆ సందర్భమున కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన దత్తమండలముల వారు సమావేశమైరి. అందు చిలుకూరి నారాయణరావుగారు ఈ సీమకు 'రాయలసీమ' యను పేరును సూచించిరి. విజయనగర రాయలు ఏలిన నేలకు ఆ పేరు తగియున్నదని సభవారు అంగీకరించిరి. నారాయణరావుగారు ఈ సీమలో పుట్టినవారు కారు. ఉత్తర కోస్తానుండి వచ్చి అనంతపురము కళాశాలలో తెలుగు బోధించినవారు. ఆ కళాశాల పేరు సైతము దత్తమండల కళాశాలయే. 'ఆంధ్రభాషా చరిత్రము' రచించిన పండితునకు మాట బరువు తెలియును గదా!"

సభ కరతాళధ్వనులతో నిండెను. అంతలో వెనుక వరుసనుండి ఒక రైతు లేచి, "అయ్యా, పేరు మారినది, సంతోషమే. పేరు మారినంత మాత్రమున మా చేనికి నీరు వచ్చినదా? కరవు పోయినదా?" అని అడిగెను. సభ నిశ్శబ్దమయ్యెను. పిల్లలందరును వెనుదిరిగి ఆ రైతు వంక చూచిరి.

ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను తప్పించుకొనలేదు. "పేరు నీటిని తేదు. కాని నీరు కావలెనని అడుగుటకు అడుగువా డొకడుండవలెను. ఒకరు మరియొకరికి ఇచ్చిన వస్తువునకు అడుగు నోరుండదు. పేరు పెట్టుకొన్న తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినది. కృష్ణా, తుంగభద్రా, పెన్నా నదుల నీటి విషయమున రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్యమియ్యవలెనని పెద్దలు అందు ఒప్పుకొనిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు రాజధాని యైనది. 1956 వరకు అట్లే యుండెను. ఒడంబడికలోని మాటలన్నియు నెరవేరలేదు. నీ ప్రశ్న ఇంకను నిలిచియున్నది. ఏటేట ఈ దినమున మనము కూడుట పండుగకొరకు మాత్రమే కాదు, ఆ ప్రశ్నను మరువకుండుటకు" అని ఆయన చెప్పెను. రైతు తలయూచి కూర్చుండెను.

సభ ముగిసిన పిదప ఆ కుటుంబమువారు ఒక చెట్టునీడను కూర్చుండి మూట విప్పిరి. బాలుడు అన్నము తినుచు, "తాతా, పాత పేరు తీసివేయుట అంత కష్టమా? ఒక్కమాటతో తీసివేసిరి గదా!" అనెను.

తాత కాయలు కాచిన తన చేతులను చూపి యిట్లు చెప్పెను: "కాగితముమీద తప్పు వ్రాసినచో తుడిచివేయవచ్చును. రాతిమీద చెక్కిన అక్షరమును తీయవలెనన్న దాని లోతువరకు రాతి నంతటిని చెక్కి మట్టము చేయవలెను. లేనిచో క్రొత్త అక్షరము క్రింద పాతది కనబడుచునే యుండును. ఆనాటివారు ఒక్క దినములో క్రొత్త పేరు చెక్కిరి. పాతదాని గుర్తులు పోవునట్లు మట్టము చేయు పని మిగిలియున్నది. అది మీ నాయన తరమువారిది, మీ తరమువారిది."

బాలుడు మారుమాటాడలేదు. బస్సునిలయమునకు నడచుచుండగా వాడు అంగళ్ల పలకలను చదువుచు వచ్చెను. భోజనశాల మీద రాయలసీమ యని యున్నది. బట్టల కొట్టు మీదను అదే పేరు. వాడు వేళ్లమీద లెక్కించుచు, "ఇన్నింటికి పేరు పెట్టుకొన్నవారందరికి ఈ దినము సంగతి తెలియునా అక్కా?" అని అడిగెను.

"తెలియనివారికి మనము చెప్పవలెను. 2028 నవంబరు 18 నాటికి ఈ పేరునకు నూరేండ్లు నిండును" అని బాలిక చెప్పెను.

పుట్టుకతో వచ్చిన పేరునకు మనము వెల చెల్లింపము. మన పెద్దలు కోరి తెచ్చుకొన్న పేరును ఊరక అనుభవించుట చాలదు; ఆ పేరు గల నేలకు మేలు చేయుటయే మనము చెల్లింపవలసిన వెల.