చోళమండల కళాకారుల గ్రామము

నేడు మహానగరములలో ఉమ్మడి పనిశాలలు వెలయుచున్నవి. చిత్రకారుడు, రచయిత, ఫోటోగ్రాఫరు, కంప్యూటరుపై బొమ్మలు కూర్చువాడు మొదలగు స్వతంత్ర వృత్తులవారు తలకొక గది అద్దెకు తీసికొనజాలక, ఒకే భవనమున తలకొక బల్ల అమర్చుకొని, ఖర్చులు పంచుకొని పని చేయుచున్నారు. ఇట్టి స్థలములకు కోవర్కింగ్ అను పేరు వచ్చినది. పేరు క్రొత్తదే కాని తలంపు క్రొత్తది కాదు. 1953 వరకు ఆంధ్రులకును రాజధానిగా నుండిన మదరాసు చెంత, 1966వ సంవత్సరముననే కొందరు కళాకారులు ఇట్టి తలంపును ఇంతకంటె సాహసముతో ఆచరించి చూపిరి.

మదరాసులో 1850లో నెలకొల్పబడిన కళాపాఠశాల కలదు. 1957లో దానికి కె.సి.ఎస్. పణిక్కరు ప్రధానాధ్యాపకుడయ్యెను. ఆయన స్వయముగ చిత్రకారుడు. శిష్యుల నైపుణ్యమును చూచి ఆయన సంతోషించెడివాడు. కాని వారి భవిష్యత్తును తలచినప్పుడు ఆయన మనస్సు కలతపడెడిది. ఏండ్ల తరబడి విద్య నేర్చి బయటకు వచ్చిన యువకునకు ఎదురగు మొదటి ప్రశ్న అన్నమును గూర్చినది. ఆ కాలమున క్రొత్త పద్ధతి చిత్రములను కొనువారు అరుదు. కుటుంబమును పోషించుటకై ఏదో ఒక ఉద్యోగమున చేరినచో, సాయంకాలమునకు అలసిన చేతికి కుంచె బరువగును. కొన్నాళ్ళకు ఆ కుంచె మూలబడును. ఇట్లు ఎందరి విద్య వ్యర్థమగునో కదా!

ఈ చిక్కునకు పణిక్కరును, ఆయన శిష్యులును, మిత్రులును కలసి ఒక ఉపాయము కనుగొనిరి. చిత్రములు అమ్ముడుపోకున్నను, అందమైన చేతిపని వస్తువులు అమ్ముడుపోవును. కావున దినమున కొంతసేపు చేతిపనులు చేసి జీవనము గడుపుకొని, తక్కిన కాలమును తమ కళకు వినియోగింపవలెనని నిశ్చయించి, వారు ఒక సంఘముగ ఏర్పడిరి.

వారు చేపట్టిన పనులలో బాతిక్ అద్దకము ముఖ్యమైనది. గుడ్డపై రంగు అంటకూడని చోట్ల కరగిన మైనమును పూసి, ఆ గుడ్డను రంగునీటిలో ముంచుదురు. మైనమున్నచోట రంగు అంటదు. పిదప వేడినీటితో మైనమును తొలగింపగా బొమ్మ తేటపడును. మైనము పగిలినచోట రంగు సన్నని గీతలుగ దిగి, వస్త్రమునకు వింత శోభను గూర్చును. ఇట్టి వస్త్రములను ప్రదర్శనమునకు పెట్టగా ప్రజలు ఆదరముతో కొనిరి. ఆ సొమ్ముతో మదరాసునకు దక్షిణమున, సముద్రతీరమందలి ఇంజంబాక్కమునొద్ద సుమారు 10 ఎకరముల నేలను సంపాదించిరి. ఆ తీరమునకు గల ప్రాచీన నామమును బట్టి తమ గ్రామమునకు చోళమండలమని పేరిడిరి.

కుంచె పట్టిన చేయి గుడ్డలకు రంగు వేయుట చిన్నతనము కాదా యని కొందరికి తోచవచ్చును. కాని ఆలోచింపుడు. ధనవంతుని అభిరుచికి లొంగి బొమ్మ వేయుట చిన్నతనమా? కష్టించి అన్నము సంపాదించుకొని, తన మనస్సునకు నచ్చిన బొమ్మనే వేయుట చిన్నతనమా? చేతిపని వారి కళకు కావలి కాచినది.

ఆ ఇసుక నేలపై వారు మొదట సామాన్యమైన ఇండ్లు కట్టుకొనిరి. ఎవరి ఇల్లు వారిదే. పనిశాలయు, ప్రదర్శనశాలయు అందరివి. తరువాత ఆరుబయట రంగస్థలమును గూడ నిర్మించుకొనిరి. సుల్తాన్ అలీ, ఎస్.జి. వాసుదేవ్, పణిక్కరు కుమారుడైన శిల్పి నందగోపాల్ అచ్చట పని చేసినవారిలో ప్రముఖులు. వీరు ఒకే చోట నివసించినను ఒకరి పోలిక వేరొకరి పనిలో లేదు. పణిక్కరు అక్షరములను, జాతకచక్రములను పోలిన గుర్తులతో చిత్రములు వ్రాయగా, నందగోపాల్ లోహపు రేకులను మలచి అతికి విగ్రహములు చేసెను. గురువు తన మార్గమును శిష్యులపై రుద్దకుండుట ఆ గ్రామమునకు గల గొప్పతనము.

అట్లని కలసి జీవించుట సులభమని తలంపరాదు. పనిముట్లు పంచుకొనుటకు ఓర్పు కావలెను. తోటివాని విమర్శను వినుటకు పెద్దమనస్సు కావలెను. కొందరు కాలక్రమమున వేరు ఊళ్ళకు తరలిపోయిరి. 1977లో పణిక్కరు మరణించెను. అయినను గ్రామము చెదరలేదు. 2009లో అచ్చట ఆ తరము వారి చిత్రములకు, శిల్పములకు ఒక మ్యూజియము ఏర్పడినది. అప్పటి ఇసుక నేల చుట్టును నేడు చెన్నై నగరము పెరిగినది.

బాలబాలికలారా! బొమ్మ వేయునప్పుడు చిత్రకారుడు ఒంటరివాడే. ఆ పనిని వేరొకరు చేసిపెట్టజాలరు. కాని అతడు నిశ్చింతగ ఒంటరిగ కూర్చుండుటకు ఒక నీడయు, పిడికెడు అన్నమును, మంచిచెడ్డలు చెప్పు నలుగురును ఉండవలెను. వీనిని ఎవరో దయతో ఇత్తురని చోళమండలమువారు ఎదురు చూడలేదు. తమ చేతులతో తామే సంపాదించుకొనిరి.

ప్రశ్నలు
1. పణిక్కరు మనస్సు కలతపడుటకు కారణమేమి?
2. బాతిక్ అద్దకమును ఎట్లు చేయుదురు?
3. “చేతిపని వారి కళకు కావలి కాచినది” — ఈ వాక్యమును వివరింపుడు.